హైకూ కవి, బేస్‌బాల్ పిచ్చి

హైకూ అనగానే మన క్లబ్‌లో ఎవరైనా ముందు బషో పేరు చెబుతారు. తర్వాత బుసోన్, ఇస్సా. నాలుగో పేరు చెప్పమంటే చాలామంది ఆగిపోతారు. ఆ నాలుగో పేరు మసావొకా షికి. అసలు హైకూ అనే మాటని ఇవాళ మనం వాడుతున్న అర్థంలో నిలబెట్టింది ఇతనే. అంతకుముందు దాన్ని హొక్కు అనేవారు, అంటే నలుగురూ కూర్చుని అల్లుకుంటూ పోయే గొలుసు పద్యంలో మొదటి ముక్క. ఆ ముక్కని గొలుసు నుంచి విడదీసి, ఇది ఒంటరిగా నిలబడగల కవిత అని వాదించి గెలిచినవాడు షికి. ఇస్మాయిల్ గారి హైకూలు చదివి మనలో ఎవరైనా ఎప్పుడైనా మూడు లైన్లు గిలికి ఉంటే, ఆ లెక్కన మనం కూడా ఇతనికి కొంత బాకీ పడ్డట్టే.

అయితే నేను ఇక్కడ అతని కవిత్వం గురించి తక్కువ, బేస్‌బాల్ గురించి ఎక్కువ చెబుతాను. టోక్యోలో ఉన్న జపాన్ బేస్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో పెద్ద పెద్ద ఆటగాళ్ళ మధ్య ఈ కవి పేరు కూడా ఉంది. 2002లో, అంటే చనిపోయిన సరిగ్గా నూరేళ్ళకి, చేర్చారు. కవికి అక్కడేం పని? ఈ ప్రశ్న నన్ను చాలా రోజులు వదల్లేదు. దానికి జవాబు వెతుక్కుంటూ పోతే ఒక మనిషి జీవితమూ, ఒక పరాయి ఆట ఒక దేశంలో వేరు పట్టిన కథా పక్కపక్కనే దొరికాయి.

ముందు ఆట సంగతి. జపాన్‌లో బేస్‌బాల్ అంటే మనకి క్రికెట్ ఎంతో అంత. 2006, 2009, 2023లలో వరల్డ్ బేస్‌బాల్ క్లాసిక్ గెలిచిన దేశం అది. షోహే ఒతానీ పేరు మనలో బేస్‌బాల్ రూల్స్ ఒక్కటీ తెలియనివాళ్ళు కూడా విన్నారు. కానీ అది వాళ్ళ ఆట కాదు, అమెరికా వాళ్ళది. సాధారణంగా చెప్పే లెక్క ప్రకారం 1872లో టోక్యోలో, తర్వాత కైసెయ్ స్కూల్‌గా మారిన ప్రభుత్వ విద్యాలయంలో, హొరేస్ విల్సన్ అనే అమెరికన్ మాస్టారు పిల్లలకి నేర్పాడు. ఇతను మెయిన్ రాష్ట్రం వాడు, అమెరికా అంతర్యుద్ధంలో సైనికుడిగా పనిచేసి వచ్చాడు. పిల్లలు పుస్తకాల మీద పడి ఒళ్ళు కదపడం లేదని బంతీ బ్యాటూ చేతికిచ్చాడని అంటారు. అదే 1872లో షింబాషి నుంచి యొకొహామాకి జపాన్ మొదటి రైలు నడిచింది. ఈ రెండింటికీ సంబంధం లేదని మొదట అనిపిస్తుంది. ఉంది.

ఆ సంబంధం పేరు హిరవోకా హిరోషి. మన బ్రాంచీల భాషలో చెప్పాలంటే పక్కా మెకానికల్ మనిషి. 1871లో పదిహేనేళ్ళ వయసులో అమెరికా వెళ్ళి, అక్కడ రైలింజన్ల పని నేర్చుకున్నాడు. తిరిగొచ్చేటప్పుడు పెట్టెలో ఇంజన్ల విజ్ఞానంతో పాటు బ్యాటూ బంతులూ తెచ్చుకున్నాడు. షింబాషిలో ప్రభుత్వ రైల్వేలో ఉద్యోగం. 1878లో ఆ రైల్వే సిబ్బందినే పోగేసి షింబాషి అథ్లెటిక్ క్లబ్ పెట్టాడు. జపాన్‌లో మొదటి బేస్‌బాల్ జట్టు అదే. యూనిఫాం కుట్టించాడు, అమెరికాలో స్పాల్డింగ్ దగ్గర్నుంచి సామానూ రూల్ పుస్తకమూ తెప్పించాడు, వంకర తిరిగే కర్వ్ బంతి వేసి అందర్నీ నోరు వెళ్ళబెట్టేలా చేశాడు. తర్వాత సొంతంగా రైలు పెట్టెలు తయారుచేసే కార్ఖానా కూడా పెట్టాడు. హాల్ ఆఫ్ ఫేమ్ 1959లో మొదలైనప్పుడు మొదటి విడతలోనే అతని పేరు చేరింది. రైల్వే ఇంజనీర్ ఒకడు ఒక దేశపు ఆటకి ఆద్యుడయ్యాడన్న సంగతి మన ప్లేస్‌మెంట్ సెల్ గోడ మీద రాయదగ్గది, కానీ ఎవరు రాస్తారు!

ఇక్కడితో ఆట వచ్చింది. వేరు పట్టిందా అంటే ఇంకా లేదు. రైల్వే వాళ్ళూ, విదేశీ మాస్టార్లున్న నాలుగైదు కాలేజీల కుర్రాళ్ళూ ఆడుకునే వింత సరదా మాత్రమే అది. ఊళ్ళో మామూలు మనిషికి ఆ ఆట పేరు పలకడమే కష్టం. మన షికి ప్రవేశించేది ఇక్కడే.

అతను 1867లో షికొకు దీవిలోని మత్సుయామా ఊళ్ళో పుట్టాడు. మరుసటి ఏడే మెయ్‌జి యుగం మొదలైంది. షోగున్‌ల పాలన పోయి, చక్రవర్తి పేరు మీద కొత్త ప్రభుత్వం వచ్చి, సమురాయ్‌ల కత్తులూ జీతాలూ రెండూ పోయిన కాలం. షికి వాళ్ళది కింది స్థాయి సమురాయ్ కుటుంబం. తండ్రి తాగుడుకి బానిసై, ఇతనికి అయిదేళ్ళు కూడా సరిగా నిండకముందే పోయాడు. తల్లి యాఎ కుట్టుపని నేర్పి ఇల్లు నడిపింది. తల్లి తండ్రి ఒహరా కాన్‌జాన్ పెద్ద చైనీస్ పండితుడు. పడమటి దేశాలంటే ఒళ్ళుమంట. అడ్డంగా పాకే ఇంగ్లిష్ అక్షరాలు ఆయన కంటికి పీతల్లా కనిపించేవి. మనవడికి పాత పద్ధతిలో జుట్టుముడి ఉంచి మరీ బడికి పంపాడు. అలాంటి తాత మనవడు అమెరికా ఆటకి ప్రచారకుడు అయ్యాడంటే ఆ పెద్దాయన బతికుండగా నమ్మేవాడు కాదు.

చిన్నప్పుడు షికి బక్కగా, పిరికిగా, చీటికీమాటికీ ఏడ్చే పిల్లాడు. వీధిలో ఎవరైనా ఏడిపిస్తే ఇతనికంటే మూడేళ్ళు చిన్నదైన చెల్లెలు రిత్సు రాళ్ళు విసిరి వాళ్ళని తరిమేసేదట. ఆ ఇంట్లో మొదటి పిచ్చర్ ఆ పిల్లే అనుకోవాలి. ఆవిడ గురించి మళ్ళీ చెబుతాను.

1883లో మేనమామ పిలుపు మీద టోక్యో చేరాడు. మరుసటి ఏడు యూనివర్సిటీ ప్రిపరేటరీ స్కూల్‌కి ఎంట్రన్స్ రాశాడు. ఈ పరీక్ష గురించి అతనే తర్వాత సరదాగా రాసుకున్న సంగతి ఒకటుంది. ఇంగ్లిష్ పేపర్లో న్యాయవ్యవస్థకి సంబంధించిన మాట ఒకటి తెలియలేదు. పక్కవాణ్ణి అడిగాడు. వాడు న్యాయాధికారి అనే అర్థంలో హోకన్ అని గొణిగాడు. జపనీస్‌లో అదే ఉచ్చారణతో విందుల్లో నవ్వించే విదూషకుడు అనే మాట కూడా ఉంది. మనవాడు రెండోదే పట్టుకుని, న్యాయాధికారిని విదూషకుణ్ణి చేసి పేపరు ఇచ్చేశాడు. అయినా పాసయ్యాడు! సాయం చేసినవాడు ఫెయిలయ్యాడు. ఎంట్రన్సుల్లో న్యాయం ఆ రోజుల్లో కూడా ఇలాగే ఉండేదన్నమాట.

లోపలికి వెళ్ళాక చదువు అంతంతమాత్రం. 1885లో ఏడాది పరీక్ష తప్పాడు. లెక్కలు కూడా ఇంగ్లిష్‌లోనే చెప్పేవారు, అదొక దెబ్బ. ఆ రోజుల్లోనే బేస్‌బాల్ పట్టుకుంది. ఎక్కువగా క్యాచర్, అప్పుడప్పుడు పిచ్చర్. క్రికెట్ భాషలో క్యాచర్ అంటే వికెట్ కీపర్ లాంటివాడు, కాకపోతే ప్రతి బంతీ అతని చేతుల్లోకే రావాలి, ఆట మొత్తం అతని కళ్ళ ముందే జరుగుతుంది. ఆ రోజుల్లో చేతికి సరైన గ్లవ్స్ కూడా అరుదే. ఏడుపుగొట్టు పిల్లాడు, ఒంట్లో బలం లేనివాడు, అంత కష్టమైన చోట నిలబడడానికి ఎందుకు ఇష్టపడ్డాడో నాకు పూర్తిగా అర్థం కాలేదు. కానీ అతని రాతల్లో ఒక సంగతి కనిపిస్తుంది. అప్పటికి స్కూళ్ళలో ఉన్న డ్రిల్లూ పరుగు పందాలూ అతనికి బోరు. ఇందులో ఆలోచన ఉంది, ఎత్తు ఉంది, యుద్ధం ఉంది, పైగా ఎవరూ చావరు. సమురాయ్ ఇంట్లో కత్తి పోయాక పుట్టి పెరిగినవాడికి ఆ కర్ర చేతిలో నప్పిందేమో, ఇది నా ఊహ.

1888లో మొదటిసారి రక్తం కక్కాడు. 1889 మే నెలలో మళ్ళీ, ఈసారి రోజుల తరబడి. క్షయ. అప్పటికి దానికి మందు లేదు. వయసు ఇరవై ఒకటి, మనలో ఫైనలియర్ వాళ్ళ వయసు. కోయిల జాతి పక్షి ఒకటుంది, హొతొతొగిసు. దాని నోటి లోపలి ఎరుపు చూసి, అది రక్తం కక్కేదాకా పాడుతుందని జపాన్‌లో నమ్మకం. ఆ పక్షి పేరుని చైనా అక్షరాల్లో రాస్తే ఇంకో ఉచ్చారణ షికి. రక్తం కక్కిన ఆ రాత్రే ఆ పక్షి మీద పదుల కొద్దీ హైకూలు రాసి, ఆ పేరే పెట్టుకున్నాడు. అసలు పేరు త్సునెనోరి, ఇంట్లో పిలుపు నొబోరు.

ఆ తర్వాత ఆట మానేశాడా? లేదు. నేను మళ్ళీ మళ్ళీ ఆగి చదివింది ఈ భాగమే. 1890 మార్చిలో, అంటే పది నెలలకి, తమ ఊరి హాస్టల్ మిత్రుల్ని వెంటేసుకుని ఉయెనో పార్కులో ఆడాడు. అదే ఏడాది బేస్‌బాల్ బట్టల్లో, చేతిలో బ్యాటుతో ఫొటో దిగాడు. ఆ ఫొటో ఇవాళ జపాన్‌లో చాలా ప్రసిద్ధం. గుండ్రటి ముఖం, నిటారుగా కూర్చున్న తీరు, ఎక్కడా రోగి లక్షణం లేదు. సెలవులకి ఊరెళ్ళేటప్పుడు బ్యాటూ బంతీ పట్టుకెళ్ళేవాడు. మత్సుయామాలో కవహిగాషి హెకిగోతో అనే కుర్రాడికి బంతి పట్టడం, విసరడం నేర్పాడు. కవాతు మైదానంలో లోకల్ పిల్లలు ఆడుతుంటే, టోక్యో నుంచి వచ్చిన కుర్రాళ్ళ గుంపులోంచి ఒకడు వచ్చి బ్యాటు అడిగి తీసుకుని ఆడాడనీ, దొర్లుకుంటూ వచ్చిన బంతిని తాను అందించాననీ ఇంకో కుర్రాడు పెద్దయ్యాక గుర్తు చేసుకున్నాడు. అతను తకహామా క్యోషి. ఈ ఇద్దరే తర్వాత షికికి ప్రధాన శిష్యులు, ఇరవయ్యో శతాబ్దపు హైకూని రెండు దారుల్లో నడిపినవాళ్ళు. వాళ్ళలో హెకిగోతో అతని దగ్గర నేర్చుకున్న మొదటి పాఠం హైకూ కాదు, క్యాచ్ పట్టడం.

ఇక్కడే నో-బోరు కథ చెప్పాలి. జపనీస్‌లో నో అంటే పొలం, బయలు. బోరు అంటే బాల్ మాటకి వాళ్ళ ఉచ్చారణ. నొబోరు అనే తన పేరుని సాగదీసి నో-బోరు అని పలికి, బయలు, బంతి అనే రెండు చైనా అక్షరాలతో రాసి సంతకం పెట్టుకునేవాడు. కాలేజీ కుర్రాడి తుంటరి శ్లేష, అంతే. ఆ రెండు అక్షరాల్నే ఇంకో రకంగా చదివితే యక్యూ అవుతుంది. ఇవాళ జపాన్‌లో బేస్‌బాల్‌కి వాడే మాట యక్యూ. అందుకే ఆ మాట పుట్టించింది షికీ అని చాలామంది నమ్ముతారు, రాస్తారు. అది నిజం కాదు. 1894లో చూమన్ కనాఎ అనే ఇంకొకతను, షికి చదివిన స్కూల్ నుంచే వచ్చినవాడు, టెన్నిస్ తోట బంతి అయితే ఇది బయలు బంతి అనుకుని ఆ పేరు పెట్టాడు. షికి అంతకు నాలుగేళ్ళ ముందే అవే అక్షరాలు రాసుకున్నాడు, కానీ ఆటకి కాదు, తనకి. తాను ఆట గురించి రాసిన ప్రతిచోటా బేస్‌బాల్ అనే ఇంగ్లిష్ మాటనే వాళ్ళ లిపిలో రాశాడు. లేని ఘనత అతనికి కట్టబెట్టాల్సిన అవసరం లేదు, ఉన్నది చాలు.

యూనివర్సిటీలో ముందు ఫిలాసఫీ, తర్వాత జపనీస్ సాహిత్యం. క్లాస్‌మేట్, ప్రాణస్నేహితుడు నత్సుమె సోసెకి, తర్వాత జపాన్‌లో అంత పెద్ద నవలాకారుడైనవాడు. (సోసెకి మొదట ఆర్కిటెక్ట్ అవుదామనుకుని మనసు మార్చుకున్నాడు. మన సివిల్ వాళ్ళకి నష్టం.) షికికి పరీక్షలు దగ్గరపడితే చాలు, హైకూలు వద్దన్నా వచ్చేవట. ఈ జబ్బు మన క్లబ్‌లో కూడా ఉంది కాబట్టి వివరించక్కర్లేదు. 1892లో పరీక్ష తప్పి చదువు వదిలేశాడు. నిప్పోన్ అనే పత్రికలో ఉద్యోగంలో చేరి, తల్లినీ చెల్లెల్నీ టోక్యోకి తెచ్చుకుని, నెగిషి అనే పేటలో కాపురం పెట్టాడు.

1895లో చైనాతో యుద్ధం. అందరూ వద్దంటున్నా విలేకరిగా వెళ్తానని పట్టుబట్టి ఏప్రిల్‌లో ఓడెక్కాడు. చేరేసరికి యుద్ధం అయిపోయింది, సంధి జరిగిపోయింది. వచ్చేదారిలో ఓడలో రక్తం కక్కుకున్నాడు. కొబేలో ఆసుపత్రిలో చావు అంచుదాకా వెళ్ళి తిరిగొచ్చాడు. మత్సుయామాలో టీచరుగా ఉన్న సోసెకి ఇంట్లో యాభై రోజులు కోలుకుని టోక్యో చేరాడు. నడుం నొప్పి వాతం అనుకున్నాడు. 1896 వసంతంలో డాక్టరు చూసి చెప్పాడు, క్షయ వెన్నెముకకి ఎక్కింది. అప్పటినుంచి నడక దాదాపు ఆగిపోయింది.

సరిగ్గా ఆ ఏడాదే జపాన్‌లో బేస్‌బాల్ మలుపు తిరిగింది. యొకొహామాలో విదేశీయుల కాలనీ ఉండేది. వాళ్ళకి అప్పటికి జపాన్ చట్టాలు కూడా వర్తించేవి కావు. అక్కడి అమెరికన్ల క్లబ్‌ని ఆడదాం రమ్మని షికి చదివిన స్కూల్ (అప్పటికి ఫస్ట్ హయ్యర్ స్కూల్) కుర్రాళ్ళు చాలా ఏళ్ళుగా అడుగుతున్నారు. వాళ్ళు పట్టించుకోలేదు. చివరికి 1896 మే 23న ఒప్పుకున్నారు. ఫలితం 29-4. కుర్రాళ్ళు చితక్కొట్టారు. జూన్‌లో ఇంకో రెండుసార్లు గెలిచారు. జూలై 4న అమెరికన్లు బలమైన జట్టుతో వచ్చి గెలిచారనుకోండి, కానీ అప్పటికే వార్త దేశమంతా పాకింది. లగాన్ సినిమా చూసినవాళ్ళకి ఆ ఊపు ఎలాంటిదో చెప్పక్కర్లేదు. ఉన్నట్టుండి అందరికీ ఈ ఆట ఏమిటో తెలుసుకోవాలనిపించింది.

చెప్పేవాడు కావాలి. చెప్పింది మంచం పట్టిన షికి. 1896 జూలైలో నిప్పోన్ పత్రికలో తాను రాస్తున్న శీర్షికలో మూడు భాగాలుగా బేస్‌బాల్ అంటే ఏమిటో వివరించాడు. నిప్పోన్ జాతీయవాద పత్రిక, పడమటి మోజుని తిట్టే పత్రిక. అందులో అమెరికా ఆటకి మైదానం బొమ్మతో సహా పాఠం! సంపాదకుడు కుగా కత్సునాన్ దాన్ని వేసుకున్నాడంటే షికి మీద ఎంత నమ్మకమో.

ఆ వ్యాసాన్ని ఒక ఇంజనీరింగ్ మాన్యువల్‌గా చూడండి. ముందు సామాను జాబితా. ఎంత చోటు కావాలి: సుమారు వెయ్యి త్సుబో, అంటే దగ్గర దగ్గర 3,300 చదరపు మీటర్లు, గడ్డి ఉంటే మరీ మంచిది. బంతి వ్యాసం ఎంత, లోపల రబ్బరూ దారమూ ఎలా కూరతారు, బ్యాటు పొడవెంత, ఏ చివర లావు. బేస్ అంటే ఎవరికీ తెలియదు కదా, ఇంట్లో కూర్చోవడానికి వేసుకునే చిన్న పరుపులాంటిది అన్నాడు. క్యాచర్ ముసుగు కత్తిసాములో కట్టుకునే ముసుగులాంటిది అన్నాడు. పాఠకుడి ఇంట్లో ఉన్న వస్తువుతో మొదలుపెట్టి మైదానానికి తీసుకెళ్ళాడు. తర్వాత ఎవరు ఎక్కడ నిలబడతారు, పరుగెత్తేవాడు ఎప్పుడు ఆగాలి, ఎప్పుడు ఔటవుతాడు. ఈ ఆటలో ఉన్నది ఒకే ఒక్క బంతి, అది ఎక్కడుంటే కళ్ళు అక్కడుండాలి అనేది అతను పట్టుకున్న సూత్రం. కొత్తగా చూసేవాడికి అంతకంటే పనికొచ్చే సలహా లేదు. హిరవోకా గురించి, రైల్వే గురించి, ఇంజనీరింగ్ కాలేజీ, వ్యవసాయ కాలేజీ జట్ల గురించి తాను విన్నంత చరిత్ర కూడా ఇచ్చాడు.

అన్నిటికంటే ముఖ్యం, మాటలు. ఈ ఆటకి ఇప్పటిదాకా అనువాద పదాలు లేవనీ, ఇక్కడ వాడినవి తాను చేసుకున్నవేననీ, బాగా కుదరలేదని తనకే తెలుసనీ, తెలిసినవాళ్ళు దిద్దమనీ ఒప్పుకుంటూనే పదాలు ఇచ్చాడు. బ్యాటర్‌కి దాషా, కొట్టేవాడు. రన్నర్‌కి సోషా, పరుగెత్తేవాడు. గాల్లోకి లేచిన బంతికి హిక్యూ, ఎగిరే బంతి. ఈ మూడూ నేటికీ జపాన్‌లో టీవీ కామెంటరీలో వినిపిస్తాయి. అన్నీ నిలవలేదు. క్యాచర్‌కీ పిచ్చర్‌కీ అతను పెట్టిన పేర్లు పోయి వేరే పేర్లు వచ్చాయి. ఔట్‌కి తొలగింపు అనే అర్థంలో ఒక బరువైన మాట పెట్టాడు, దాన్ని జనం పక్కన పడేసి ఔటో అనే అంటున్నారు. తాను ఆడిన స్థానానికి తాను పెట్టిన పేరే నిలవకపోవడం కొంచెం బాధగా ఉంటుంది కానీ, మాటలు అలాగే బతుకుతాయి. పదింటిని వదిలితే నాలుగు జనం నోట్లో నిలుస్తాయి. మన సాంకేతిక పదకోశాల్లో ఉన్న పదాలు ఎన్ని ల్యాబ్‌లోకి వచ్చాయో మనకి తెలుసు. మన క్రికెట్‌లో చూడండి, వికెట్‌కి తెలుగు రాలేదు, రన్ మాత్రం పరుగైంది. సెంచరీ శతకమైంది. వేమన శతకం, సుమతీ శతకం ఉన్న భాష కాబట్టి ఆ మాట అంత సులువుగా అతికిపోయింది. ఎవరో ఒక పేపర్లో, ఏదో ఒక రోజు, మొదటిసారి అలా రాసి ఉంటారు. వాళ్ళ పేరు మనకి తెలియదు. జపాన్ వాళ్ళకి తెలుసు, అదే తేడా.

ఒక విషయం మర్చిపోకండి. ఎక్కడ నిలబడాలి, ఎలా పరుగెత్తాలి అని దేశానికి చెబుతున్న ఈ మనిషి అప్పటికి లేచి వాకిలిదాకా నడవలేడు. వ్యాసంలో ఎక్కడా ఆ ఊసు లేదు.

1898లో ఇంకో పని చేశాడు. తాంకా అని వెయ్యేళ్ళు దాటిన పద్యరూపం ఉంది, రాజాస్థానాల్లో వెన్నెల మీదా చెర్రీ పూల మీదా రాసుకునేది. ఆ ఏడాది మొదట్లో తాంకా కవులకి బహిరంగ లేఖలు రాసి, వాళ్ళు నెత్తిన పెట్టుకున్న ప్రాచీన సంకలనాన్ని ఏకిపారేశాడు. కళ్ళతో చూసింది రాయండి అన్నది అతని వాదం. (అప్పటికి ఏడాది ముందే మన గురజాడ కన్యాశుల్కం అచ్చయింది. ఒకరి ఊసు ఒకరికి తెలియదు, గాలి మాత్రం ఒకటే.) వాదించి ఊరుకోకుండా బేస్‌బాల్ మీద తొమ్మిది తాంకాలు రాశాడు. ఉత్పలమాలలో ఐపీఎల్ అనుకోండి. జట్టులో తొమ్మిది మంది, ఆటలో తొమ్మిది ఇన్నింగ్స్, పద్యాలు తొమ్మిది. మూడు బేసుల మీదా మనుషులు నిండిన ఉద్వేగం కూడా అందులో ఉంది. కళ్ళతో చూసింది రాయమన్నవాడు ఇవి రాసేటప్పుడు కళ్ళ ముందున్నది గది పైకప్పు. చూసింది ఎనిమిదేళ్ళ కిందట, ఉయెనోలో.

చివరి ఏళ్ళ గురించి త్వరగా చెప్పేస్తాను. వెన్నులో చీము పట్టి ఒంటికి చిల్లులు పడ్డాయి. కట్టు మార్చేటప్పుడు అరుపులు వీధిదాకా వినిపించేవి. మార్ఫిన్ మింగి, ఆ కాసేపట్లో రాసేవాడు, పూల బొమ్మలు గీసేవాడు. 1899 చివర్లో క్యోషి కాగితపు తలుపు తీయించి అద్దాల తలుపు పెట్టించాడు, పడుకునే పెరడు చూడొచ్చని. ఆకలి మాత్రం రాక్షసుడిది. ఏ పూట ఏం తిన్నాడో డైరీలో మెనూలా రాసుకున్నాడు: గంజి, పచ్చి చేప ముక్కలు, తీపి బన్నులు, పళ్ళు. ఆ తిండికి డబ్బులు సర్దింది తల్లీ చెల్లెలూ. రెండు పెళ్ళిళ్ళూ నిలవక పుట్టింటికి వచ్చేసిన రిత్సు రాత్రింబవళ్ళు నర్సూ వంటమనిషీ కాపలాదారూ అన్నీ తానే అయ్యింది. ఆవిడ గురించి డైరీలో షికి చాలా కటువుగా రాశాడు, మనసు తెలుసుకోదని, మొండిదని. ఆ పేజీల్లోనే ఆమె లేకపోతే తను ఒక్కరోజు బతకలేనని కూడా ఒప్పుకున్నాడు. నాకు మొదటిది క్షమించాలనిపించలేదు. నొప్పి గురించి చదివాక కూడా అనిపించలేదు.

1902లో ఆరడుగుల రోగశయ్య అనే శీర్షిక నిప్పోన్‌లో దాదాపు రోజూ వచ్చింది. మొత్తం 127 భాగాలు. చివరిది సెప్టెంబర్ 17న. 18న పలక మీద పెట్టిన కాగితం మీద, రిత్సూ హెకిగోతో సాయం పడుతుంటే, మూడు హైకూలు రాశాడు. పెరట్లో పందిరికి వేలాడుతున్న నేతిబీర మీద. దాని తీగ నుంచి తీసిన నీరు కఫానికి మందని తాగించేవారు. 19వ తేదీ తెల్లవారకముందే పోయాడు. ముప్పై అయిదు నిండలేదు. సోసెకి అప్పుడు లండన్‌లో ఉన్నాడు, ఉత్తరంలో తెలిసింది.

రిత్సు తర్వాత ఆడపిల్లల వృత్తివిద్యా పాఠశాలలో చేరి చదువుకుని, అక్కడే కుట్టు టీచరైంది. అన్న వస్తువులూ కాగితాలూ పోకుండా కాపాడింది. 1941లో చనిపోయేదాకా ఆ ఇంటిని చూసుకుంది. 1945 బాంబు దాడుల్లో ఇల్లు కాలిపోయింది, 1950లో మళ్ళీ అలాగే కట్టారు. ఆ ఇంటినుంచి నడిచి వెళ్ళేంత దూరంలో ఉయెనో పార్కు. అక్కడ ఒక బేస్‌బాల్ మైదానానికి 2006లో మసావొకా షికి పేరు పెట్టారు, ఆదివారాలు ఆఫీసు జట్లూ పిల్లలూ ఆడుతుంటారు. ఇంటి పెరట్లో ఇప్పటికీ ఏటా నేతిబీర పందిరి వేస్తారు.